ఉన్న పాట యేల వినబడదు?

ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో ఏడవదానిని శాస్త్రము చదువుకొనువారు చాలమంది యొకమారు వల్లించి, ప్రకృతి కంటికేల గోచరింపదను ప్రశ్నకు దారి చూపుటతో దాని పని తీరినదని తలచి, ముందునకు సాగిపోవుదురు. ఉన్న వస్తువు ఇంద్రియములకు అందకపోవుటకు ఎనిమిది హేతువు లుండవచ్చునని ఆ కారిక చెప్పుచున్నది: మిక్కిలి దూరమున నుండుట, మిక్కిలి సమీపమున నుండుట, ఇంద్రియము చెడిపోవుట, మనస్సు నిలుకడ లేకుండుట, వస్తువు సూక్ష్మమై యుండుట, నడుమ నడ్డుండుట, తనకంటె బలవత్తరమైనదానిచే అభిభూత మగుట, తనవంటివానిలో కలసిపోవుట. కనబడదు గనుక లేదను వాదమును త్రోసిపుచ్చుటకై పుట్టిన మాట లివి. అయినను నేటి మనుష్యుని చేతిలోని సంగీతయంత్రమును గూర్చి ఆలోచించినపుడెల్ల నాకు ముందుగా స్ఫురించునది ఈ కారికయే. పాట యున్నది, వేలకొలదిగా నున్నది, వ్రేలు తాకిన క్షణమున పలుకుటకు సిద్ధముగా నున్నది, అయినను అది వినబడుట లేదు. ఎనిమిది హేతువులలో ఏ హేతువుచేత?

మొదటిదైన దూరముచేత కాదని నిశ్చయముగా చెప్పవచ్చును. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించినది మొదలు నేటివరకును ఈ విద్య పాటుపడినదెల్ల దూరమును తొలగించుటకే. అంతకు పూర్వము త్యాగరాజస్వామి కృతిని వినగోరినవాడు దానిని పాడగలవాని యూరికి నడచిపోవలెను, లేదా ఆ పాడగలవాడు తన యూరికి వచ్చు ఉత్సవమునకై సంవత్సరము పొడుగున ఎదురుచూడవలెను. 1948లో విజయవాడయందు ఆకాశవాణి కేంద్రము నెలకొన్న పిమ్మట, బాలాంత్రపు రజనీకాంతరావుగారి పూనికతో వర్ధిల్లిన భక్తిరంజని ఉదయపువేళ యిండ్లలోనికి వచ్చుట మొదలిడినది. నూతికడ నీళ్లు తోడుచున్న గృహిణి చేదను గట్టుపై నుంచి, ఆ కీర్తన ముగియువరకు అట్లే నిలుచుట ఆనాటి యిండ్లలో చూచినవారున్నారు. ఏలననగా ఆ పూట తప్పినచో అది మరల నెన్నడు వచ్చునో తెలియదు. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ ఐపాడ్‌ను వెలువరించి, 1,000 పాటలు జేబులో పట్టునని చెప్పినపుడు లోకము వింతపడెను. 2016లో జియో వచ్చి డేటా వెల పడిపోయిన పిమ్మట, పొలముగట్టున కూర్చున్న కూలివానికిని కోట్లకొలది పాటలు అందుబాటులోనికి వచ్చినవి. ఇది సామాన్యమైన విజయము కాదు. దీనిని తక్కువచేసి మాటలాడుట నా యుద్దేశము కాదు.

అభిభవమను ఏడవ హేతువు కథ మరింత విచిత్రమైనది. సూర్యుని వెలుగులో నక్షత్రము లున్నను కానరాకపోవుటను కారికలకు భాష్యము వ్రాసిన గౌడపాదులు దీనికి దృష్టాంతముగా చూపిరి. కాంపాక్ట్ డిస్కులో సంగీతమును నిక్షేపించుటకు ప్రతి సెకనును 44,100 భాగములుగా తరిగి, ఒక్కొక్క భాగమును 16 బిట్ల సంఖ్యగా రెండు వాహినులలో వ్రాసికొందురు. అనగా సెకనునకు 14,11,200 బిట్లు. ఆ డిస్కులు వెలువడిన కాలపు టెలిఫోను తీగలు ఇంత భారమును మోయజాలవు. జర్మనీ దేశమున ఎర్లాంగెన్ నగరమందలి ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్ట్స్ బ్రాండెన్‌బుర్గ్ మున్నగువారు చెవి స్వభావమును పరిశీలించి, బిగ్గరగా మ్రోగు స్వరమునకు చేరువ స్థాయిలో నుండు సన్నని ధ్వనియు, గట్టి దెబ్బకు ఇంచుక ముందు వెనుకలనుండు మెల్లని ధ్వనియు మనుష్యునికి వినబడవను ధర్మమును ఆధారముగా గొని, వినబడనిదానిని దాచనేలయని విసర్జించు పద్ధతిని రూపొందించిరి. 1995లో ఎంపీ3 అను పేరు దాల్చినది ఆ పద్ధతియే. సెకనునకు 1,28,000 బిట్ల వంతున పట్టినచో పాట మూలములో పదునొకండవ వంతునకు కుదించుకొనిపోవును. సాంఖ్యుడు, వినబడకున్నను అది ఉన్నదనెను. ఈ శిల్పి, వినబడదు గనుక అది ఉండనక్కరలేదనుచున్నాడు. శ్రుతి చక్కగా చేరిన తంబురానుండి ఎవ్వరును మీటకయే పుట్టు స్వయంభూగాంధారము ఈ కుదింపులో పలుచబడునని విద్వాంసులు కొందరు నొచ్చుకొందురు. వారి మాటను నేను కాదనజాలను. అయినను ఇచట యంత్రము త్రోసివేసినది స్వల్పము, మనము త్రోసివేయుచున్నది అధికము. అందుచేత ఆ విచారము వారికి విడిచి, నేను మిగిలిన హేతువులలో కొన్నింటికి వత్తును.

తెనాలి బస్టాండునకు చేరువనున్న యొక సెల్ షాపులో, మెమరీ కార్డులలో పాటలెక్కించుకొనుట ముమ్మరముగా సాగుచుండిన కాలమున, నేను నా పనికై నిలిచియుండగా నడివయస్సు దాటిన రైతొకడు తలగుడ్డ విప్పి, దాని కొననున్న ముడిలోనుండి కార్డును తీసి బల్లపై నుంచెను.

“ఏం పాటలు ఎక్కించమంటారు బాబాయ్?” అని షాపు కుర్రవాడడిగెను.

“ఏవో ఒకటిలేరా అబ్బాయ్. పాతయ్యీ కొత్తయ్యీ భక్తియ్యీ అన్నీ కలిపి కొట్టెయ్. కార్డు మాత్రం నిండాల.”

“రెండు జీబీ కదండీ, నాలుగొందలు పడతాయి.”

“పడితే పట్టనియ్. ఉంటయ్‌గా.”

తెరపై ఘంటసాల యనియు, అన్నమయ్య యనియు, శివస్తోత్రము లనియు, కొత్తవి యనియు పేర్లుగల పసుపుపచ్చని సంచుల బొమ్మలు వరుసగా నిలిచినవి. కుర్రవాడు అన్నిటిని ఒక్క పట్టున ఎత్తి కార్డులో వేసెను. ఆకుపచ్చని గీత యొకటి ఎడమనుండి కుడికి మెల్లగా ప్రాకినది. అంతసేపును ఆ యంగడిలో ఒక్క స్వరమును మ్రోగలేదు. విన మొదలిడినచో ఒక పగలును, ఒక రాత్రియు, మరునాటి పగటిలో పెక్కుభాగమును పట్టునంతటి గానము నిశ్శబ్దముగా ఒక పెట్టెనుండి గోరంత కార్డులోనికి దాటిపోయినది. ఆ రైతును నేను తప్పుపట్టుట లేదు. కరవుకాలమును చూచినవాడు ధాన్యమును గాదె నిండ కోరుకొనుట యెట్టిదో, పాటకై ఎదురుచూచిన తరమువాడు కార్డు నిండ కోరుకొనుట యట్టిదే. ‘ఉంటయ్‌గా’ అను మాటలో నున్న తృప్తి నిజమైనది. కాని పెసలరాశిలో వేసిన పెసరగింజ యెట్లు గోచరింపదో, తనవంటివానిలో కలసిన వస్తువు అట్లే తెలియబడదని గౌడపాదులు ఎనిమిదవ హేతువునకు చెప్పిన వివరణము నాకానాడు తెనాలి యంగడిలో ప్రత్యక్షమైనది. అన్నమయ్య కీర్తన కార్డులో నున్నది. 217వదియో 318వదియో తెలియదు. అది వినబడవలెనన్న ముందుగా రాశినుండి వేరు కావలెను, ఆ వేరు చేయుపని యంత్రము చేయదు.

న్యాయవైశేషికుల మతమున కార్డులో నున్నది అసలు పాటయే కాదు. శబ్దము ఆకాశముయొక్క గుణము. అది పుట్టును, అలనుండి అలవలె తనవంటి శబ్దమును పుట్టించును, నశించును. కార్డులో నున్నది అట్టి పుట్టుకకు ఒక నిమిత్తము మాత్రమే. మీమాంసకులైన జైమినీయులు దీనికి భిన్నముగా, శబ్దము నిత్యమనియు, కంఠాదులు దానిని అభివ్యక్తము చేయుననియు చెప్పుదురు. అపుడు కంఠము ఎట్టిదో యంత్రమును అట్టిదే, రెండును వ్యంజకములే. నాకు ఈ వివాదమున ఒక పక్షము వహింపవలసిన యగత్యము కనబడదు. ఉత్పత్తి యనుము, అభివ్యక్తి యనుము, చెవి చేరువరకు పాటకు సిద్ధి లేదనుటలో ఇరువురును ఏకాభిప్రాయులే. నాలుగు వందల పాటలు నాకున్నవి అను వాక్యమునకు రెండు దర్శనములలోను అర్థము కుదురదు.

మూల్యము చెల్లింపక పాటను దింపుకొనుట దొంగతనమా కాదా యని వాదము చాలకాలముగా నడచుచున్నది. 1999లో పుట్టి న్యాయస్థానపు ఆజ్ఞచే 2001లో మూతబడిన, ఇంటర్నెట్టులో పాటలు పంచుకొను నాప్‌స్టర్ కాలమునుండియు యువకులు చెప్పు వాదమొకటే: సొమ్ముగలవాని సొమ్ము పోలేదు, పాట పాటచోటనే యున్నది, మాకొక ప్రతి మాత్రము వచ్చినది. ఈ వాదము నాకు సమ్మతము కాదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణచే సినిమా పాట వ్రాసినవానికిని, బాణీ కట్టినవానికిని రాయల్టీలో విడదీయరాని భాగము దక్కినది. ఆ భాగమును ఎగవేయుట కూలి యెగవేయుటయే. అయితే అస్తేయమను మాటకు యోగసూత్రభాష్యమున వ్యాసులు చెప్పిన యర్థము ఇంతతో ఆగదు. శాస్త్రవిరుద్ధముగా పరుల సొమ్ము గ్రహించుట స్తేయమని చెప్పి, దాని నిషేధమైన అస్తేయమును స్పృహ లేకుండుటగా, అనగా ఆశయే లేకుండుటగా ఆయన నిర్వచించెను. ఈ గీటురాతిపై రుసుము కట్టినవాడును నిలువవలసి యున్నది. స్పాటిఫై యాప్‌లో రుసుము కట్టి దింపుకొన్న పాట సైతము, 30 దినములకొకమారైన యంత్రము ఇంటర్నెట్టునకు తగులకున్నచో పలుకదు. అది అతనిది కాదు. సొత్తు లేదు గనుక ఇది అపరిగ్రహమని యొక మిత్రుడు నాతో వాదించెను. పరిగ్రహము వస్తువులో లేదు, పట్టుకొను చేతిలో నున్నది. తనది కాని పాటలను సైతము పట్టికలు కట్టి, ఆ పట్టికలకు పేర్లు పెట్టి, వాని పొడవు పెరుగుట చూచి సంతోషించు మనస్సు అపరిగ్రహమునకు దూరముననే యున్నది.

నాలుగవ హేతువైన మనస్సు నిలుకడలేమియే వీనియన్నిటిలో నాకు మిక్కిలి బాధ కలిగించునది. మనస్సు వ్యగ్రమై యున్నవాడు చక్కగా చెప్పినదానిని సైతము గ్రహింపజాలడని కారికకు వ్యాఖ్య. ఒకే కాలమున పెక్కు జ్ఞానములు పుట్టకపోవుటయే మనస్సున్నదనుటకు గుర్తని గౌతముడు న్యాయసూత్రములలో చెప్పెను. చెవితో కూడిన మనస్సు ఆ క్షణమున కంటితో కూడదు. చెవులలో ఇయర్‌ఫోన్లు, కంటియెదుట వాట్సాప్ సందేశములు, కాలిక్రింద కదలుచున్న బస్సు – ఇట్టి స్థితిలో పాట చెవిని తాకును, శ్రోత దానిని పొందడు. యాప్ నడపువారికి ఇది తెలియనిది కాదు. స్పాటిఫై లెక్కలో ఒక పాట 30 సెకనులు మ్రోగినచో అది విన్నట్లే. కర్తలకు పోవు సొమ్ము ఆ లెక్కపై నడచును. ముప్పది సెకనులలో త్యాగరాజస్వామి కృతి యెంత నడచును? పల్లవి మొదటి పంక్తి రెండు మూడు మారులు తిరుగును. సంగతులప్పటికింకను కన్ను తెరువవు. ఒకే పంక్తిని మరల మరల పాడుచు, ఒక్కొక్క మారు ఒక్కొక్క మలుపు చేర్చి, మొదట బిందువువలె నున్న భావమును క్రమముగా విప్పి, చివరకు మొదటి పాటునకే తిరిగి వచ్చినపుడు అదే మాట వేరొక గాంభీర్యముతో నిలుచునట్లు చేయుట ఆ మహనీయుని శిల్పము. అది కాలమును కోరును, ఓపికను కోరును, విన్నదానిని మరల వినుటకు సిద్ధమైన మనస్సును కోరును.

మరల వినుట యంత్రముతో సులభమే కదా, రిపీట్ మీట యున్నదిగదా యని యడుగవచ్చును. వేదాంతులు శ్రవణమనగా చెవిలో మాట పడుట యని చెప్పలేదు. వాక్యముయొక్క తాత్పర్యమును నిర్ణయించుకొనుట యనిరి, ఆ నిర్ణయమునకు ఆరు లింగములు చెప్పి అందు అభ్యాసమును, అనగా పునరుక్తిని, ఒకటిగా నుంచిరి. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు ఒకే ఉపదేశమును తొమ్మిది మారులు చేసెను. ప్రతి మారును దృష్టాంతము వేరు: తేనె, నదులు, వృక్షము, మఱ్ఱిపండులోని విత్తు, నీటిలో కరగిన ఉప్పు. అంతకంటె గమనింపదగిన విశేషము, ఇంకను చెప్పుమని కొడుకు ప్రతిసారియు అడుగుట. అతని యాకాంక్ష తండ్రి వాక్యమును మరల రప్పించెను. ఎవ్వరడుగకున్నను వచ్చు ఆవృత్తి యంత్రధర్మము. రాత్రి నిద్రపోయిన మనుష్యుని ప్రక్కన తెల్లవారువరకు అది అట్లే తిరుగుచుండును.

అతిసామీప్యమునకు వ్యాఖ్యాతలు కంటి కాటుకను చూపిరి. కన్ను లోకమునెల్ల చూచును, తనలోని కాటుకను చూడదు. తెలుగువారి యిండ్లలో ఈ హేతువునకు లోబడిన గానమేదియని యడిగినచో నేను ఘంటసాలవారి భగవద్గీతను చెప్పుదును. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తమ తుదినాళ్లలో గానము చేసిన ఆ గీత, శ్లోకము వెంట తెలుగు తాత్పర్యముతో, ఊరూర మారుమ్రోగినది. సంస్కృతము తెలియని లక్షలాది జనులకు గీతయందేమున్నదో తెలిసినది ఆ కంఠమువలననే. పిమ్మట దానిని చావు జరిగిన యింటిముంగిట మైకులో పెట్టుట ఆచారమయ్యెను. దుఃఖించువారికి ఊరట కలుగవలెనను మంచి యుద్దేశముతోనే అది మొదలై యుండును. కాని నేడు ఆ కంఠము గాలిలో తేలివచ్చినంతనే, పొరుగువీధివారు ‘ఎవరు పోయారట?’ అని అడుగుదురు. చదువబడుచున్న శ్లోకమేదియని అడుగువారరుదు. శుభకార్యము తలపెట్టిన యింట ఎవరైన తెలియక దానిని పెట్టినచో పెద్దలు వెంటనే ఆపించుట నేనెరుగుదును. విల్లు జారవిడిచి రథముపై కూలబడినవానిని లేపి నిలువబెట్టిన ఉపదేశము, బ్రతుకుచున్నవారు బ్రతుకుటకై వినవలసిన ఉపదేశము, వీధిలోనివారికి మరణవార్తయై మిగిలిపోయినది. ఇందులో రికార్డు దోషమేమియు లేదు. స్వరము స్పష్టముగా నున్నది, మాట స్పష్టముగా నున్నది. ఎక్కువగా దగ్గరకు వచ్చుటచే అది గుర్తుగా మారి, గుర్తు అర్థమును మ్రింగినది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు 1963లో రికార్డుగా పాడిన వేంకటేశ సుప్రభాతము వేలాది ఫోనులలో అలారముగా నున్నది. నిద్రమత్తులో చేయి చాచి మొదటి శ్లోకమైన ముగియకముందే దానిని ఆపుట దినచర్య యైనపుడు, ఆ స్తోత్రము సాయంకాలము దేవాలయమున వినబడినను చేయి జేబు వంకకు పోవును.

ఇంతమాత్రమున భద్రపరచుటయే దోషమని నేననజాలను. అట్లనినచో మన జాతికి మిగులునది స్వల్పము. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) పాడిన సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున భాండారమున నుంచకున్నచో, వానిలో నెన్ని మనకు దక్కియుండెడివి? ఆ రేకులు శతాబ్దములు చీకటిలో నుండినవి. ఇరువదవ శతాబ్దిలో వెలికివచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగువారి పరిష్కరణముతో అచ్చుపడినపుడు, సాహిత్యమంతయు చెక్కుచెదరక యున్నది, రాగముల పేర్లు పైన చెక్కబడి యున్నవి. పాడు తీరు మాత్రము లేదు. పాడువారి పరంపర నడుమ తెగిపోయినది. రాళ్లపల్లివారు కొన్నింటికి క్రొత్తగా స్వరరచన చేయవలసివచ్చెను. రేకు పదమును కాపాడినది గాని పాటను కాపాడజాలకపోయినది. కోనసీమ యగ్రహారములలోని ఘనాపాఠీల కాపుదల వేరు తెరగు: రెండు పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకు చెప్పి, మూడవ పదమును చేర్చి మరల ముందు వెనుకలుగా నడపు ఘనపాఠమున, ఒక్క స్వరము తప్పినను ప్రక్కవాని చెవి పట్టుకొనును. అచట దాచుట యనగా పలుకుట, పలుకుట యనగా వినుట. ఎవ్వరును వినక అది ఒక్క దినమైన నిలువదు. త్యాగరాజస్వామి కృతులు సైతము ముందుగా వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లస్థానము శిష్యులకంఠములలో నిలిచినందుననే మనకు సంగతులతో కూడ దక్కినవి. కార్డు ఈ రెండింటిలో రేకునకు దగ్గరి చుట్టము. రేకునందు లేని స్వరమును సైతము అది దాచగలుగుట దాని ఘనత. కాని చీకటిలో నుండగల శక్తి రెంటికిని సమానమే.

దూరమే నిజమైన యడ్డుగా నున్నవారి విషయము వేరు. కువైటులో ఇంటిపని చేయుచు, రాత్రి పని ముగిసిన పిదప కడపజిల్లా పల్లెలో తన తల్లి పాడుకొను రామదాసు కీర్తనను ఫోనులో వెదకి వినుకొను స్త్రీకి యంత్రము చేసిన మేలును ఏ దర్శనమును కాదనదు. ఆమెకు మనస్సు నిలుకడ లేకపోవుట యను ప్రశ్నయే లేదు. ఆమె ఆ కీర్తననే వెదకినది. డల్లాసులోనో, మెల్‌బోర్న్‌లోనో సంగీతము నేర్చుకొను తెలుగుబాలికకును అంతే. ఆమె ఒక విద్వాంసుని పాటను పెట్టి, ఒక్క సంగతి యొద్ద ఆపి, వెనుకకు జరిపి, మరల విని, తాను పాడి, తప్పినదని తెలిసికొని, మరల వెనుకకు జరుపును. పూర్వము గురుకులమున సంవత్సరములు సేవచేసినవానికి గాని దొరకని అవకాశమిది. రిపీట్ మీటను ఆమె నొక్కుట శ్వేతకేతు డడిగినట్లు అడుగుటయే. అయినను ఒక్క లోపమున్నది. యంత్రము ఆమెకు వినిపించునే గాని ఆమెను వినజాలదు. గాంధారము పిసరంత దిగినపుడు ‘అది కాదమ్మా, మళ్ళీ అను’ అని చెప్పుటకు గురువు కావలయును. అందులకై ఆమె వారమున కొకమారు, వీడియోకాల్‌లోనైనను, ఆయన యెదుట కూర్చుండుచునే యున్నది.